వార్షిక నివేదిక: మన టైప్ 1 పిల్లలు, గోధుమ, ఒక రక్తపరీక్ష

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు బెంగళూరు మారతహళ్ళిలో కూర్చున్నప్పుడు మనం ఒకే ఒక్క పని అనుకున్నాం, టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక బయటినుంచి వేసుకోవాల్సిన రకం) ఉన్న మన పిల్లలందరికీ ఈ ఏడాది సీలియాక్ రక్తపరీక్ష చేయించాలని. సీలియాక్ అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు. నాలుగు ఇళ్ళు తప్ప అందరూ చేయించారు. ఉగాది భోజనం, సూదులూ స్ట్రిప్పుల పంపకం ఎప్పటిలాగే జరిగాయి, జమాఖర్చుల కాగితం విడిగా పంపాం, అందుకని వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

ఈ పరీక్షకి ఇంత పట్టు ఎందుకు పట్టానో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పాలి. మా అబ్బాయికి ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. పదో ఏడు వచ్చేసరికి ఎత్తు పెరగడం ఆగింది, రక్తం తక్కువగా ఉందన్నారు, అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఏంటంటే కడుపునిండా తిని, లెక్క ప్రకారమే ఇన్సులిన్ వేసుకున్నా గంటకల్లా షుగర్ పడిపోయి లో అయిపోయేవాడు. డోసు ఎక్కువైందనుకున్నాం, స్కూల్లో ఆట ఎక్కువైందనుకున్నాం. అసలు సంగతి పేగులో ఉంది: తిన్నది ఒంటికి పట్టడం లేదు, ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసేస్తోంది. అప్పట్లో ఒక డాక్టరు గారిని సీలియాక్ ఏమో అని అడిగితే "మీరు అన్నం తినేవాళ్ళు, ఇది చపాతీ తినేవాళ్ళ జబ్బు" అన్నారు, మేమూ సరేననుకుని ఏడాదిన్నర పోగొట్టుకున్నాం.

ఆయన మాటలో సగం నిజం ఉంది. పెద్దవాళ్ళ మీద చేసి 2016లో ప్రచురించిన సర్వేలో సీలియాక్‌ని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మంది రక్తంలో, దక్షిణాదిన 0.10 శాతం మంది రక్తంలో కనిపించాయి. కానీ అదే సర్వేలో ఈ జబ్బుకి వీలిచ్చే డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి, తేడా అంతా గోధుమలోనే, అక్కడ రోజుకి సుమారు 455 గ్రాములు, మన వైపు 25. ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. పిల్లాడికి షుగర్ అని తెలియగానే అత్తగారి దగ్గర్నుంచి పక్కింటి ఆంటీ దాకా అందరూ చెప్పేది ఒకటే, అన్నం మాన్పించి చపాతీ పెట్టమని. జన్యువులు ఎలాగూ ఉన్నాయి, టైప్ 1కీ సీలియాక్‌కీ ఆ రెండూ ఉమ్మడివే, పైగా మనమే మూడు పూటలా గోధుమ పెడుతున్నాం.

ప్రపంచం మొత్తమ్మీద మామూలు జనంలో సుమారు నూటికి ఒకరికి ఉండే ఈ జబ్బు టైప్ 1 పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఉంటుందని అంచనా, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. అందుకే షుగర్ తేలినప్పుడు ఒకసారి, రెండేళ్ళకి, ఐదేళ్ళకి, మధ్యలో అనుమానం వస్తే అప్పుడూ పరీక్ష చేయాలని పిల్లల షుగర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ చెబుతోంది. ఈ జబ్బుకి చేసే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడమని అడగండి, కొందరికి ఐజీఏ అనే యాంటీబాడీ పుట్టుకతోనే తక్కువ, అప్పుడు రిపోర్టు నెగటివ్ వచ్చినా నమ్మలేం.

ఈ ఏడాది ఇంకో ఇద్దరు పిల్లలకి తేలింది. అందులో ఒక పాప చాలా చురుకు, ఎవరూ ఊహించలేదు. ఒక పొరపాటు కూడా జరిగింది, తప్పు నాదే, ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది: ఒకింట్లో భయపడి పరీక్షకి మూడు నెలల ముందే గోధుమ మానేశారు, దాంతో ఫలితం తేలక మళ్ళీ వారాల తరబడి చపాతీలు తినిపించి రక్తం ఇవ్వాల్సి వచ్చింది. ముందు పరీక్ష, డాక్టరు చెప్పాకే మానడం.

మానడం అంటే చపాతీ ఒక్కటే కాదు. మా వాడు ఒకరోజు వంటగదిలో నిలబడి ఇంగువ డబ్బా వెనకాల చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి "అమ్మా, ఇందులో గోధుమపిండి ఉంది" అన్నాడు. ఇల్లంతా సర్దుకున్నామనుకుని ఆరు నెలలుగా రోజూ చారులో వేస్తున్నాను! బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, డబ్బా చూసి కొనండి. సేమ్యా, ఉప్మారవ్వ, బార్లీ మాల్టుతో చేసే పాలపొడులు, అన్నిట్లోనూ గ్లూటెనే. ఈ ఊళ్ళో దర్శినికి (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటలు) వెళ్తే ఖారాబాత్, కేసరిబాత్, రవ్వ ఇడ్లీ, మద్దూరు వడ, ఒక్కటీ పనికిరాదు, మామూలు ఇడ్లీ తినొచ్చు, సాంబారు మాత్రం ఇంగువ సంగతి అడిగాకే.

సంఘం డబ్బుతో చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది చిన్న పిండి మర. బయట మరలో గోధుమలు ఆడిన వెంటనే మన రాగులు పోస్తే ఆ పిండి ఇక పనికిరాదు. ఇప్పుడు మన మరలో రాగులు, జొన్నలు, బియ్యం తప్ప ఇంకేవీ పోయనివ్వం, ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి ఆడించుకోవచ్చు. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లు కొనేవాళ్ళు ఒకటి గమనించండి, చట్టం ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటి గ్లూటెన్ ఉండకూడదు, అంతవరకూ మంచిదే, కానీ చాలావాటిలో ఉండేది పిండిపదార్థమే, షుగర్ గబగబా పైకి పోతుంది. కార్బ్ లెక్క, అంటే తిండిలో పిండిపదార్థం ఎంతో చూసి ఇన్సులిన్ వేసే లెక్క, మళ్ళీ మొదట్నుంచి వేసుకోవాలి.

వచ్చే ఏడాది స్కూళ్ళకి ఇవ్వడానికి కన్నడంలో, ఇంగ్లీషులో ఒక ఉత్తరం తయారు చేస్తున్నాం, పుట్టినరోజు కేకు, క్యాంటీన్ గురించి. మిగిలిన ఆ నాలుగు ఇళ్ళవాళ్ళూ, సెలవు దొరకడం లేదనో సూదంటే పిల్ల ఏడుస్తుందనో ఆగి ఉంటే నాకు ఫోన్ చేయండి. శనివారాలు ఖాళీగానే ఉంటాను, ల్యాబ్‌కి తోడు వస్తాను, మా వాణ్ణి కూడా తీసుకొస్తాను.

మీ కార్యదర్శి