రూబీ తుంటి రిపోర్టు గురించి, మా దగ్గర కుక్కపిల్లల్ని తీసుకున్నవాళ్ళకు

మా ల్యాబ్రడార్ రూబీ తుంటి ఎక్స్‌రే ఫలితం వచ్చింది. మైల్డ్ హిప్ డిస్ప్లేసియా అన్నారు. తుంటి గిన్నెలో తొడ ఎముక తల బిగువుగా కూర్చోలేదు, కాస్త వదులుగా ఉంది. కుక్కల తుంటి ఎక్స్‌రేలు చూసి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ ఓఎఫ్ఏ. దాని డేటాబేస్‌లో రూబీ రిజిస్టర్డ్ పేరు వెతికితే ఇప్పుడు ఎవరికైనా కనిపిస్తుంది. ఇంకెవరో చెబితే వినేకంటే నేను చెబితే వినడం మేలని రాస్తున్నాను. రూబీ తొలి ఈతలో పుట్టిన ఆరు పిల్లలూ మీ ఇళ్ళల్లోనే పెరుగుతున్నాయి కదా.

నా తప్పు ముందు చెప్పేస్తాను. ఓఎఫ్ఏ వాళ్ళు తుంటికి ఫైనల్ గ్రేడ్ 24 నెలలు నిండాకే ఇస్తారు. అంతకుముందు తీసిన ఎక్స్‌రేకి ఇచ్చేది ప్రిలిమినరీ మాత్రమే. రూబీకి 14 నెలలప్పుడు ప్రిలిమినరీలో ‘ఫెయిర్’ వచ్చింది. ఫెయిర్ అంటే నార్మల్ కిందే లెక్క, కానీ నార్మల్‌లో అది ఆఖరి మెట్టు. నేను ఆ మాట పట్టుకుని 22వ నెలలో క్రాసింగ్ చేయించాను. మళ్ళీ ఎదకు వచ్చేదాకా ఆగితే సరిపోయేది. ‘ఫైనల్ రిపోర్టు చూడకుండా ఎవరి దగ్గరా ల్యాబ్రడార్ కొనకండి’ అని ఫోన్ చేసినవాళ్ళందరికీ చెప్పేది నేనే. నా కుక్క దగ్గరికొచ్చేసరికి నేనే ఆగలేదు.

ఈత, పాలు మాన్పించడం అయ్యాక ఒక నెల ఆగి ఎక్స్‌రే తీయించాం. అదీ రెండుసార్లు. మొదటిసారి తీసిన చోట బొమ్మ మీద మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు వేయలేదు, పేరు ఉండాల్సిన చోట ‘డాగ్ 2’ అని ఉంది. అడిగితే ‘పెన్నుతో రాసి ఇస్తాం లెండి’ అన్నారు. ఆ బొమ్మ ఏ కుక్కదైనా కావచ్చు, దానికి విలువేముంది? రూబీకి మళ్ళీ మత్తు ఇప్పించి ఇంకోచోట తీయించాల్సి వచ్చింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఇక అసలు విషయం. ఎక్స్‌రేతో పాటు ఓఎఫ్ఏకి పంపే ఫారంలో ఒక గడి ఉంటుంది. ఫలితం నార్మల్ అయితే దానంతటదే డేటాబేస్‌లోకి వెళ్తుంది. తేడాగా వస్తే మాత్రం, దాన్ని అందరికీ చూపించడానికి యజమాని ఒప్పుకుని ఆ గడిలో పొడి అక్షరాలు వేయాలి. వేయకపోతే ఫలితం మనకు వస్తుంది, బయటివాళ్ళకు ఏమీ కనపడదు. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. ‘ఎలాగూ బాగానే వస్తుంది, ఇప్పుడెందుకు’ అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా బాగా వస్తుందని నమ్మినవాడికి సంతకం పెట్టడానికి చెయ్యి ఎందుకు రాదు?

ఫలితం వచ్చాక పందొమ్మిది రోజులు ఆ కాగితం బీరువాలో పెట్టాను. ముగ్గురు రేడియాలజిస్టులు ఎవరికి వారు చూసి ఇచ్చిన గ్రేడ్ అది. వాళ్ళు తప్పు చూశారేమో, పడుకోబెట్టడంలో కాళ్ళు వంకరగా ఉన్నాయేమో అని బొమ్మను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కాళ్ళు నిటారుగానే ఉన్నాయి. తోటి బ్రీడర్ ఒకాయన ‘గడి ఖాళీగా వదిలింది అందుకేగా, వదిలెయ్’ అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, అందరూ చేసేదే చెప్పాడు. రూబీ రోజూ బంతి వెంట పరిగెడుతూనే ఉంది, కుంటు లేదు, నొప్పి లేదు. ఒక్క మాట వల్ల దాని పేరు పాడవుతుందని నా బాధ. దాని పేరంటే నా పేరే అనుకోండి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మా పిల్లల తండ్రి కుక్క వివరాలు మళ్ళీ తెరిచాను. క్రాసింగ్‌కు ముందు కూడా చూశాను. దాని తోబుట్టువులు ఎనిమిది. డేటాబేస్‌లో ఉన్నవి రెండు, రెండూ ‘గుడ్’. అప్పుడు నేను ‘చూశారా, తోబుట్టువులూ బాగున్నాయి’ అని మీలో కొందరికి గర్వంగా చెప్పాను కూడా. మిగతా ఆరు ఏమయ్యాయని ఆ రోజు అడగలేదు. కొన్నిటికి ఎక్స్‌రేనే తీయించి ఉండరు. కొన్నిటి కాగితాలు మాత్రం నా బీరువాలాంటి బీరువాలోనే ఉండి ఉంటాయి. తుంటి జబ్బు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. ల్యాబ్రడార్లలో పరుగు పెట్టాక కాళ్ళు పడిపోయే ఈఐసీ అనే జబ్బు ఉంది చూడండి, దానికైతే డీఎన్ఏ టెస్టు చాలు: రెండు క్యారియర్లను (జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసే కుక్కలను) కలిపితే ఒక్కో పిల్లకూ 25 శాతం ప్రమాదం అని లెక్క తేలుతుంది. తుంటికి అలాంటి టెస్టు లేదు. ఎన్నో జన్యువులు, బరువు, పెరిగిన తీరు అన్నీ కలిసి వస్తుంది. అందుకే తల్లిదండ్రుల గ్రేడ్ ఒక్కటే చాలదు, తోబుట్టువులవీ పిల్లలవీ కలిపి చూస్తేగానీ వంశం సంగతి తెలియదు. బాగున్నవే కనిపించే పట్టికతో నేను ఒకసారి మోసపోయాను, మిమ్మల్నీ మోసపుచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఫలితం బయటపెట్టమని రాసి పంపాను. పంపాక హాయిగా ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ ఆ పేజీ తెరిస్తే కడుపులో తిప్పుతుంది.

మీ పిల్లలకు ఇప్పుడు ఐదో నెల. కంగారు పడకండి, తల్లికి ఉంటే పిల్లలకు రావాలని లేదు. కానీ ఒళ్ళు రానివ్వకండి. పక్కటెముకలు చేతికి తగలాలి. బొద్దుగా ఉంటే ముద్దుగానే ఉంటుంది, భారం మాత్రం తుంటి మీదే పడుతుంది. నాలుగు నెలలు దాటితే ప్రిలిమినరీ తీసుకుంటారు కాబట్టి ఇప్పుడు తీయించినా సరే, రెండేళ్ళకు ఫైనల్ మాత్రం తప్పకుండా తీయించండి. రెండు ఎక్స్‌రేల ఖర్చూ నాదే. ఒకటే షరతు: గడిలో పొడి అక్షరాలు వేయాలి, ఫలితం ఏదైనా సరే. వేయనంటే ఖర్చు ఇవ్వను, ఈ విషయంలో బతిమాలినా లాభం లేదు.

రూబీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నాం. రెండో ఈత కోసం అడ్వాన్స్ ఇచ్చిన నలుగురికీ డబ్బు వెనక్కి పంపేశాను. ఒకరు ‘పర్లేదు, మైల్డే కదా, పిల్లనివ్వండి’ అన్నారు. ఇవ్వను. ఇకమీదట ఏ కుక్కకైనా ఫైనల్ గ్రేడ్ చేతికొచ్చాకే క్రాసింగ్. ఈ లోపు రెండేళ్ళు మా దగ్గర పిల్లలు లేకపోయినా లేకపోనీ.

ఓఎఫ్ఏ వాళ్ళిచ్చే చిక్ నంబరు గురించి కొందరు అడిగారు. అది పాసైన కుక్కకిచ్చే పతకం కాదు. జాతికి చేయించాల్సిన పరీక్షలన్నీ చేయించి, ఫలితాలు ఎలా ఉన్నా బయటపెట్టినందుకు ఇచ్చేది. మోచేతులు, కళ్ళ పరీక్ష, మిగిలినవీ పూర్తయితే రూబీకీ వస్తుంది. తీసుకుంటాం.

మీరు ఎక్స్‌రేకి వెళ్ళినప్పుడు పిల్ల మైక్రోచిప్ నంబరు వెంట తీసుకెళ్ళండి. అది బొమ్మలోనే పడిందో లేదో మీ కళ్ళతో చూసుకోనిదే అక్కణ్ణుంచి కదలకండి. ‘డాగ్ 2’ అని కనిపిస్తే వెంటనే నాకు ఫోన్ కలిపి అక్కడివాళ్ళకివ్వండి, నేను మాట్లాడతాను.