రైల్వే మంత్రి గారికి: ఆ షీటులో ఒక్క గడి పెంచండి

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పట్టాల లోపలి పగుళ్లను అల్ట్రాసౌండ్‌తో వెతికే పనిలో చాలా ఏళ్లుండి రిటైరైనవాణ్ణి. డిపార్ట్‌మెంటులో ఈ పనిని యూఎస్ఎఫ్‌డీ అంటారు. మా గ్యాంగువాళ్లు మాత్రం మేం రాగానే "స్కానింగోళ్లు వచ్చారు" అనేవారు. నాకు ఆ పేరే నచ్చేది. మేం వారం వారం పైకి పంపే పని షీటులో లేని ఒక గడి గురించే ఈ ఉత్తరం.

పని కూడా అలాంటిదే. ఆస్పత్రిలో పొట్ట మీద జెల్ రాసి స్కాన్ తీస్తారు కదా, మేం జెల్‌కు బదులు నీళ్లు వాడతాం. శబ్దం పంపి, తిరిగొచ్చేదాన్ని పట్టుకునే ప్రోబ్‌కీ పట్టాకీ మధ్య వెంట్రుక మందం గాలి ఉన్నా శబ్దం లోపలికి పోదు. అందుకే ప్రోబ్‌లు బిగించి పట్టా మీద తోసుకెళ్లే ట్రాలీ మీద నీళ్ల క్యాను తప్పనిసరి. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, అందులో 58 ముక్కల్లోనే అది పట్టా అడుగు తాకి తిరిగొస్తుంది. అంతకన్నా ముందే ఏదైనా వచ్చిందంటే దారిలో అడ్డం ఉన్నట్టు. అడుగు నుంచి రావాల్సింది రాకపోయినా అనుమానమే. బోల్టు రంధ్రమూ అడ్డమే, పగులూ అడ్డమే. ఏది ఏదో తేల్చాల్సింది ఎండలో స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసే మనిషి. పైగా నిట్టనిలువు పగులు నేరుగా కిందికి పంపిన శబ్దానికి చిక్కదు. దానికోసం 70 డిగ్రీల వాలులో పంపే ప్రోబ్‌లు వేరే ఉంటాయి.

1911 ఆగస్టులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, మాంచెస్టర్ దగ్గర పట్టా విరిగి 29 మంది చనిపోయారు. పైకి నిక్షేపంగా ఉన్న పట్టా, పగులు లోపల ఉంది. పట్టా కడుపులో ఏముందో చూడాలన్న పట్టుదల ఆ ప్రమాదంతోనే గట్టిపడింది.

ఇక నేను చెప్పదలచుకున్నది అతుకుల గురించి. లైను మీదే అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన మందు కాల్చి, కరిగిన ఉక్కును అచ్చులోకి వదిలి చేసే ఏటీ (అల్యూమినో థర్మిక్) వెల్డులు. బ్లాక్ టైమ్ (బళ్లు ఆపి పనికిచ్చిన సమయం) అయిపోతోందన్న టెన్షన్‌లో, గాలిలో, దుమ్ములో చేస్తారు. ట్రాలీ పట్టా తల మీద నడుస్తుంది కాబట్టి దాని శబ్దం పట్టా నడుములోంచి, అంటే మధ్యలోని సన్నటి భాగంలోంచి, నేరుగా దిగుతుంది. అడుగున వెడల్పుగా ఉండే పాదం రెండు రెక్కలకూ అది అందదు. ఆ రెక్కలు చూడాలంటే కూర్చుని, కంకర తీసి, తుప్పు గీకి, గ్రీజు రాసి, చేతి ప్రోబ్‌తో అటూ ఇటూ వెతకాలి. పాదం అడుగున అర్ధచంద్రంలా పుట్టే పగులు ఒకటుంది, హాఫ్‌మూన్ అంటాం. అదీ ప్రత్యేకంగా వెతికితే తప్ప దొరకదు. చలికాలంలో పట్టా కుదించుకుపోవాలని చూస్తుంది, పొడవాటి అతుకుల లైనులో దానికి వీలుండదు. ఆ లాగుడంతా బలహీనమైన అతుకు మీద పడుతుంది.

నేను పనిచేసిన ఒకచోట వారం షీటు పంపితే వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని కిలోమీటర్లయింది?" ఒకసారి కంకరలో పాదం కూరుకుపోయిన పదకొండు అతుకులు వదిలేశాను. తవ్వడానికి మనుషులు దొరకలేదు. షీటులో అవి రాయడానికి గడి లేదు. రిమార్కుల్లో రాస్తే, "ఇవన్నీ ఎందుకు రాశావయ్యా, లేనిపోని ప్రశ్నలొస్తాయి" అన్నారు పైవాళ్లు. రాసింది కొట్టేశాను. తప్పు నాదీ ఉంది.

ఆ జనవరిలో వాటిలో ఒకటి విరిగింది. తెల్లవారుజామున లైను వెంట నడిచి చూసే కీమ్యాన్ అది చూసి, బండి ఎక్కితే పేలి డ్రైవర్‌ను హెచ్చరించే డిటోనేటర్లు పట్టాల మీద పెట్టి, ఎర్ర లైటు పట్టుకుని పరిగెత్తాడు. బండి ఆగింది. రికార్డులో మాత్రం ఆ అతుకు టెస్టు అయిపోయినట్టే ఉంది.

వాహనాల మీద అమర్చిన పరికరాలు, డేటా దాచుకునే మిషన్లు వస్తున్నాయి. సంతోషం. కానీ ఆ బళ్లూ పట్టా తల మీది నుంచే చూస్తాయి. పాదం దగ్గర కూర్చునే మనిషి అవసరం వాటితో తీరదు.

అందుకే నా విన్నపం చిన్నది. వారం షీటులో "చూడలేకపోయిన అతుకులు" అని ఒక గడి పెట్టించండి. ఎక్కడ, ఎందుకు అని రాయాలి. చూసేదాకా ఆ అతుకు నంబరు తర్వాతి షీటుల్లోకి వస్తూనే ఉండాలి. నిజం రాసినందుకు టెస్టర్‌కు మెమో రాకూడదు. టెస్టర్ వచ్చేసరికి కంకర తీసి ఉంచే బాధ్యత ఎవరిదో ముందే తేల్చండి.

గడి పెట్టి వదిలేసినా ప్రయోజనం లేదు. 2000 అక్టోబరు 17న ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా ముక్కలై నలుగురు చనిపోయారు. ఆ పగుళ్ల సంగతి ముందే తెలుసు. మార్చాల్సిన కొత్త పట్టాలు లైను పక్కనే పడి ఉన్నాయి.

నా పదకొండు అతుకుల నంబర్లు పాత డైరీలో ఇంకా ఉన్నాయి. విరిగినదాన్ని మార్చారు. మిగతా పదింటిని ఎవరైనా చూసినట్టు, నేను బదిలీ అయ్యేదాకా ఏ కాగితంలోనూ కనబడలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెస్టర్,
కాజీపేట