చదవకుండా పెట్టిన సంతకం

బాపట్ల,
2020 ఫిబ్రవరి 16.

చిన్నీ,

కిందటి ఆదివారం ఫోన్లో నీ మీద గొంతు పెంచాను. మీ అమ్మ ఫోను లాక్కుని కందిపొడి సంగతి ఎత్తబట్టి అక్కడితో ఆగింది గానీ, నువ్వన్న మాట వారం రోజులుగా నాకు మింగుడు పడటం లేదు. ఎదురింటి మాస్టారి అబ్బాయి బుధవారం డాలస్ బయలుదేరుతున్నాడు. పొడి డబ్బాతో పాటు ఈ కాయితాలు కూడా ఇచ్చి పంపుతున్నాను. కాయితం మీదయితే నువ్వు మధ్యలో అడ్డం రావు, నేను అరవను.

పౌరసత్వం వచ్చాక నీకిది మొదటి పెద్ద ఓటు. మార్చి 3న మీ టెక్సాస్ ప్రైమరీ, అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పను. చెప్పినా నువ్వు వినవు, వినకూడదు కూడా. ఇన్సూరెన్సు, పిల్లల చదువు, అల్లుడుగారి ఉద్యోగం, ఇవన్నీ చూసుకునే వేస్తావు. నాకు తగువల్లా ఒక్క మాట దగ్గరే. "ఎప్పుడో 2002లో బైడెన్ ఇరాక్ యుద్ధానికి ఓటేశారని ఇప్పుడు తవ్వడం ఎందుకు నాన్నా? అప్పుడు అందరూ నమ్మారు, అందరూ వేశారు" అన్నావు.

అందరూ వెయ్యలేదమ్మా. 2002 అక్టోబరు 10న ప్రతినిధుల సభలో 296 మంది సరేనంటే 133 మంది వద్దన్నారు. ఆ అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో 77 మంది సరేనన్నారు, 23 మంది వద్దన్నారు. బైడెన్, హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ ఆ 77 మందిలో ఉన్నారు. ఇవాళ బైడెన్‌తో పోటీ పడుతున్న శాండర్స్ అప్పుడు ప్రతినిధుల సభలో ఆ 133 మందిలో ఒకడు. న్యూయార్క్‌లో ఆ రెండు భవనాలు కూలి అప్పటికి ఏడాదే. నవంబరు 5న ఎన్నికలు. వద్దంటే దేశమంటే ప్రేమ లేనివాడనే రోజులు. అయినా రెండు సభల్లో కలిపి 156 మంది వద్దన్నారు. వాళ్ళకేమీ ఆకాశవాణి వినపడలేదు. అందరి ముందూ ఉన్న కాయితాలే వాళ్ళ ముందూ ఉన్నాయి.

ఆ కాయితాల సంగతి విను. ఇరాక్ దగ్గర ఏ ఆయుధాలున్నాయో చెబుతూ ఓటింగుకు కొద్ది రోజుల ముందు గూఢచారి సంస్థలు ఒక రహస్య నివేదిక ఇచ్చాయి. తొంభైకి పైగా పేజీలు. ముందు అయిదు పేజీల సారాంశం. లోపలికి వెళితే అసలు అనుమానాలు అక్కడున్నాయి. ఇరాక్ తెప్పించుకుంటున్న అల్యూమినియం గొట్టాలు అణుబాంబు కోసమేనని సారాంశం గట్టిగా చెబుతుంటే, ఇంధన శాఖ నిపుణులు, విదేశాంగ శాఖ గూఢచారి విభాగం మేం ఒప్పుకోమని అందులోనే రాసి పెట్టారు. సభ్యులు ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు. సారాంశం దాటి చదివిన సెనేటర్లు ఆరుగురికి మించి లేరని 2004లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. చదివినవాళ్ళలో ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ బాబ్ గ్రాహమ్ ఒకడు. ఆయన వద్దనే ఓటేశాడు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు.

1993లో నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ని. రేపల్లె, నిజాంపట్నం వైపంతా వరి మళ్ళు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న కాలం. టైగర్ రొయ్య బంగారంలా పలుకుతోంది. పై ఆఫీసు నుంచి రోజూ టార్గెట్ ఎంతయిందని ఫోను. అన్ని బ్యాంకులూ ఇస్తున్నాయి, మనం వెనకపడ్డామంటారు. అయిదెకరాల చెరువు కోసం ఒక రైతు అప్పుకి వచ్చాడు. చెరువు చూసి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయాల్సింది నేను. వెళ్ళలేదు. రాత్రి ఏడింటికి, అంతకు ముందు ఇంకో చెరువుకి రాసిన రిపోర్టునే పేరు, సర్వే నంబరు మార్చి నింపి సంతకం పెట్టాను.

రెండేళ్ళు తిరక్కుండా తెల్లమచ్చల రోగం వచ్చి తీరమంతా చెరువులు తుడిచిపెట్టుకు పోయాయి. మంచి చెరువులూ పోయాయి, నిజమే. కానీ ఈ రైతు పొలం దగ్గర ఉన్నది ఒకటే కాలవ. పక్కవాళ్ళు చెరువు మురుగు వదిలేదీ అందులోకే, ఇతను నీళ్ళు తోడుకునేదీ అందులోంచే. గట్టు మీద అయిదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలిసేది. బాకీ కింద అతని పొలం పోయింది. నామీద ఎంక్వైరీ పడింది. ఎంక్వైరీ ఆఫీసరు అడిగింది ఒక్కటే: "చెరువు చూశారా?" నేను, "ఆ రోజుల్లో అందరం అలాగే ఇచ్చాం సార్" అన్నాను. "అందరి సంగతి నేనడగలేదు. మీరు చూశారా?" రెండు ఇంక్రిమెంట్లు కోశారు. ఆ ఏడాది నీకు సైకిలు కొనలేకపోవడానికి కారణం అది. పరీక్షల్లో మార్కులు తగ్గాయని నీ మీదికి నెట్టాను.

అందుకే "అందరూ వేశారు" అని నువ్వనగానే అంత కోపం వచ్చింది. అది నా నోట్లోంచి ఊడిపడ్డ మాటే.

బైడెన్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ఇరాక్‌లోకి తనిఖీదారులను పంపించడానికి ఒత్తిడిగా వాడుకుంటానని బుష్ అన్నాడు, నమ్మాను అంటాడాయన. నమ్మే ఉండొచ్చు. కానీ తీర్మానంలో ఉన్నదేమిటి? అవసరమని అధ్యక్షుడు అనుకుంటే సైన్యాన్ని దింపవచ్చని. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి, వెయ్యి రూపాయలే రాసుకుంటానన్నాడండీ అంటే ఏ బ్యాంకులోనూ చెల్లదు. 2005లో తన ఓటు పొరపాటని ఒప్పుకున్నాడు, బాగుంది. మళ్ళీ కిందటి సెప్టెంబరులో రేడియోలో, యుద్ధం మొదలైన క్షణం నుంచే తాను వ్యతిరేకినన్నాడు. పాత మాటలు పత్రికలు బయటికి తీసేసరికి, పొరపాటుగా అన్నాడని ఆయన తరఫువాళ్ళు సర్దిచెప్పారు. ఆ ఓటు కంటే నాకు ఈ రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. హిల్లరీకి తప్పు చేశానని సూటిగా రాయడానికి 2014 దాకా పట్టింది.

మరి ఓటర్లు లెక్క సరిగ్గా తేల్చారా అంటే, అదీ లేదు. 1964లో వియత్నాం యుద్ధానికి దారి తీసిన టాంకిన్ తీర్మానం ప్రతినిధుల సభలో 416 – 0, సెనేట్‌లో 88 – 2. ఆ ఇద్దరు, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్, 1968లో పదవులు పోగొట్టుకున్నారు. ఇరాక్ తీర్మానం దగ్గర సెనేట్‌లో వద్దన్న ఒకే ఒక్క రిపబ్లికన్ లింకన్ చేఫీ. 2006లో జనం యుద్ధం మీద మండిపడి ఆ పార్టీని ఓడించినప్పుడు ఆయనా కొట్టుకుపోయాడు. వియత్నాంలో రెండు కాళ్ళూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న మాక్స్ క్లీలండ్ సరేనని ఓటేసి కూడా, దేశభద్రత పట్టనివాడనే ప్రచారంలో 2002 నవంబరులోనే ఓడిపోయాడు. 2008లో ఒబామా ఆ ఓటునే చూపించి హిల్లరీని వెనక్కి నెట్టాడు. తీరా గెలిచాక ఉపాధ్యక్షుడు బైడెన్, విదేశాంగ మంత్రి మొదట హిల్లరీ, తర్వాత కెర్రీ. ముగ్గురూ ఆ 77 మందిలోని వాళ్ళే!

నువ్వు నవ్వుతూ "మన దేశంలో ఎవరు లెక్క అడిగారు?" అంటావని తెలుసు. అడగడానికి ఇక్కడ ఒక్కో మనిషి ఓటంటూ ఏదీ? యుద్ధానికి వెళ్ళాలంటే పార్లమెంటులో ఓటింగు తప్పనిసరి కాదు. ఓటింగు జరిగినా సగం మూజువాణి ఓటే, ఎవరేమన్నారో కాయితం మీద ఉండదు. పేర్లు నమోదైనా, 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది కాబట్టి విప్ దాటితే సభ్యత్వం పోతుంది. మన ఎంపీ చెయ్యి పార్టీది. మీ సెనేటర్‌ని పార్టీ గద్దించగలదు గానీ సీట్లోంచి లేపలేదు. ఆ ఓటు అచ్చంగా అతని సొంతం, పేరుతో సహా అచ్చయి ఉంటుంది. సొంతం కాబట్టే అడుగుతున్నాను.

అన్నట్టు 2003 ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఇరాక్ మీద దాడికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఇంగ్లీషులో ఖండించడమా, విచారం తెలపడమా అని పార్టీలు కొట్టుకుని, చివరికి హిందీలో "నింద" అని పెట్టి ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకున్నారు. నువ్వప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. "నింద అంటే తిట్టడం కదా నాన్నా" అని టీవీ ముందు నవ్వావు, గుర్తుందా? ఆ జులైలో మన సైన్యాన్ని ఇరాక్‌కి పంపమని అమెరికా అడిగితే మాత్రం వాజ్‌పేయి ప్రభుత్వం పంపలేదు.

పాతది తవ్వడం అన్నావు. ఎక్కడ పాతదయింది? కిందటి నెల 3న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇరాన్ సేనాని సులేమానీని చంపారు. ఏ అధికారంతో అని అడిగితే, ట్రంప్ భద్రతా సలహాదారు చూపించింది ఆ 2002 తీర్మానాన్నే. సద్దాంని ఉరి తీసి పదమూడేళ్ళయినా ఆ కాయితం బతికే ఉంది. జనవరి 30న ప్రతినిధుల సభ దాన్ని రద్దు చెయ్యాలని ఓటేసింది, సెనేట్ మాట ఇంకా తేలలేదు. నా సంతకం కనీసం బాకీ వసూలుతో ముగిసింది.

వాల్టర్ జోన్స్ గురించి చెప్పి ముగిస్తాను. నార్త్ కరోలినా రిపబ్లికన్. 2002లో సరేనని ఓటేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్స్ వద్దన్నదని అక్కడి ప్రతినిధుల సభ క్యాంటీన్లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు "ఫ్రీడమ్ ఫ్రైస్" అని మార్పించినవాళ్ళలో ఆయనొకడు. అప్పట్లో నేను పేపర్లో చదివి వెటకారం చేశాను. 2003లో ఇరాక్‌లో చనిపోయిన ఒక మెరైన్ సైనికుడి అంత్యక్రియలకు వెళ్ళాడు. అక్కణ్ణుంచి మనిషి మారిపోయాడు. 2005 నాటికి సొంత పార్టీ అధ్యక్షుడి యుద్ధాన్నే వ్యతిరేకించాడు. చనిపోయిన సైనికుల ఫొటోలు ఆఫీసు బయట గోడకి వరసగా పెట్టించాడు. వాళ్ళ కుటుంబాలకు ఉత్తరాలు రాస్తూ వచ్చాడు, పదకొండు వేలకు పైగా. మెరైన్ల స్థావరం ఉన్న నియోజకవర్గం ఆయనది, అయినా ఆ జనం ఆయన్ని పోయిన ఏడాది చనిపోయేదాకా గెలిపిస్తూనే ఉన్నారు. ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికులు నాలుగున్నర వేలకు దగ్గర. ఇరాకీ పౌరులు లక్షకు పైగా, వాళ్ళకి ఎవరూ ఉత్తరాలు రాయలేదు. అంతమంది ప్రాణాలకు ఉత్తరాలు ఏపాటి అంటే నా దగ్గర జవాబు లేదు. కానీ ఆయన "అందరం" అనలేదు. నేను వేశాను అన్నాడు.

అందుకే నాకు ఓటేసినవాళ్ళందరూ ఒక్కటి కాదు. చదివి వేశావా, తెలిశాక ఏం చేశావు? ఈ రెండూ అడిగి, ఆ తర్వాత నీ ఇన్సూరెన్సూ స్కూళ్ళూ చూసుకుని నీకు తోచినవాడికి వెయ్యి. బైడెన్‌కే వేసినా నేనేమీ అనుకోను.

ఇంకో సంగతి. ఆ రొయ్యల రైతు పొలం పోయాక, నాకు మెమో వచ్చాక, నేను రిటైరయ్యాక, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతని ఊరు వైపు వెళ్ళలేదు. బాపట్ల నుంచి ఎంత దూరమని! ఈ వేసవిలో నువ్వొచ్చినప్పుడు కారు తీసుకుని ఒక పూట వెళ్దాం. అతను ఉన్నాడో లేడో తెలియదు. మీ అమ్మకి గుడికని చెబుదాం.

పొడిలో వెల్లుల్లి వెయ్యలేదు, పెద్దాడు తినడన్నావుగా.

నాన్న