ట్యాపెట్లని తిప్పారు, పోయింది మాత్రం మ్యానిఫోల్డ్ ప్యాకింగ్

సంపాదకులకు నమస్కారం.

మాది కోరాపుట్ జిల్లా జయపురం. మీ పేపరు మా గుమ్మంలోకి వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది, అయినా ఇంట్లో పిల్లలకు తెలుగు అక్షరం కనపడాలని తెప్పించుకుంటూనే ఉన్నాం. మీ కార్ల పేజీ గురించే ఈ ఉత్తరం. ఎప్పుడు చూసినా కొత్త మోడలు, దాని స్క్రీను ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా లేదా, ఇదే గొడవ. మేం నడిపేవి సెకండ్ హ్యాండ్ బళ్లండీ, వాటి గురించి ఒక్క ముక్క రాయరేం?

నా సంగతే చెబుతాను. కిందటి కార్తీకంలో మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ లోంచి టిక్ టిక్ టిక్ అని, ఎవరో కుట్టుమిషను గబగబా తొక్కుతున్నట్టు. పది నిమిషాలు నడిస్తే తగ్గిపోయేది. తగ్గుతోంది కదా అని నేనూ ఊరుకున్నాను, అది నా తప్పే. తర్వాత చూపిస్తే ఒక గ్యారేజీలో ట్యాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వుల్ని తెరిచే భాగాలు, వదులయ్యాయన్నారు, సెట్ చేశారు, డబ్బు తీసుకున్నారు, శబ్దం అలాగే ఉంది. ఇంకో చోట ఆయిల్ పల్చబడిందని మార్చారు. మూడో ఆయన కాసేపు విని 'కిఛి హెబొ ని', ఏమీ కాదు పొమ్మన్నాడు.

సంక్రాంతికి బొబ్బిలి, అత్తారింటికి బయల్దేరాం. కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఆ టిక్ టిక్ పెరిగింది. మంచు, చలి, అద్దాలన్నీ ఎత్తేసి బ్లోయర్ పెట్టుకున్నాం. సుంకి దిగేసరికి మా ఆవిడకి తలనొప్పి, వెనక సీట్లో పాపకి వాంతి. మలుపుల వల్లే అనుకున్నాం, ఘాట్‌లో వాంతులు మాకేమన్నా కొత్తా.

సాలూరంటే లారీలే కదా. అక్కడ లారీలు చేసే ఓ పెద్దాయన దగ్గర ఆపితే, 'ముందు చల్లారనీ బాబూ, వేడి మీద ఇది దొరకదు' అన్నాడు. సాయంత్రం హీట్ షీల్డ్, అదే వేడికి అడ్డుగా ఉండే రేకు, విప్పి టార్చి కొట్టి చూపించాడు: సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టాల ముక్క మ్యానిఫోల్డ్, అది ఇంజిన్ పై భాగమైన హెడ్డుకి ఆనుకునే చోట, మూడో సిలిండర్ దగ్గర, గోడమీద దీపం పెట్టిన గూడులో పట్టినట్టు నల్లటి మసి, విసనకర్ర ఆకారంలో. 'ట్యాపెట్ కాదు, ప్యాకింగ్ ఊదేస్తోంది.'

ప్యాకింగ్ అంటే ఆ రెండింటి మధ్య పొగ కారకుండా వేసే పల్చటి ముక్క. ఆ జాయింటు కథ ఏమిటంటే, పెట్రోలు ఇంజిన్‌లో మండిన గ్యాసు ఆరేడు వందల డిగ్రీల వేడితో దాని గుండానే బయటికొస్తుంది. రోజూ కాగడం, చల్లారడం, ఇనుము సాగడం, ముడుచుకోవడం. నట్లు వదులవుతాయి, ప్యాకింగ్ అంచు కాలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని చప్పుడు, వేడెక్కితే లోహం సాగి సందు మూసుకుంటుంది, అందుకే మాయం. పూర్తిగా మూసుకుంటుందని నమ్మకండి, ఎత్తు ఎక్కేటప్పుడు నాకు మళ్లీ వినపడింది అందుకే. పైగా అక్కడ కారే పొగ ఇంకా పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ దాకా వెళ్లని పచ్చి పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బానెట్ వెనక నుంచి గాలి లాగే బ్లోయర్ దాన్ని తెచ్చి మా మొహాన కొట్టిందన్నమాట. పాపకి వాంతి మలుపుల వల్లా, పొగ వల్లా అన్నది ఇప్పుడెవరు తేలుస్తారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చడం చూడాలనే బొబ్బిలి నుంచి మర్నాడు బస్సులో వచ్చాను. ముందు రోజే నట్ల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి నానబెట్టి ఉంచాడు, బ్యాటరీ నెగెటివ్ తీసేశాడు, అంత జాగ్రత్తలోనూ ఒక స్టడ్, అంటే హెడ్డులో దిగి నట్టు పట్టే మర కడ్డీ, టక్కుమని విరిగింది. దాన్ని డ్రిల్లు వేసి తియ్యడానికే మూడు గంటలు. ప్యాకింగ్ ధర నాలుగొందల లోపు, అసలు ఖర్చు ఆ స్టడ్డే. హెడ్డు అల్యూమినియం కాబట్టి పాత ప్యాకింగ్ ముక్కల్ని ఇనప బ్లేడుతో గీకకుండా ప్లాస్టిక్ ముక్కతో తీశాడు, మ్యానిఫోల్డ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూశాడు. వంకర తిరిగి ఉంటే ఎన్ని ప్యాకింగులు వేసినా దండగేనట. కుర్రాడు గమ్ ట్యూబు తెస్తే కసిరాడు, ఆ వేడికి గమ్ కాలి రాలిపోతుందని. కొత్త నట్లు, బిగింపు మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి, ఒకేసారి కాదు, మూడు విడతల్లో, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో. ఎంత టార్కో బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి.

ఆ ప్యాకింగ్ విశాఖ నుంచి రావలసి వచ్చింది. మిగ్ విమానాల ఇంజిన్లు తయారుచేసిన సునాబెడ మా దారిలోనే ఉంది, కారు ప్యాకింగ్ మాత్రం మా వైపు దొరకదు!

గాలి లోపలికెళ్లే ఇన్‌టేక్ వైపు కూడా ఇలాంటిదే ఒకటుంటుంది, అది పోతే టిక్ టిక్ ఉండదు, సన్నగా ఈల లాంటి శబ్దం, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ పైకీ కిందకీ ఊగడం, చెక్ ఇంజిన్ లైటు. అది కూడా చాలాచోట్ల ప్లగ్గుల ఖాతాలో వేసేస్తారు.

ఇవి తెలుగులో రాసేవాళ్లు లేరా? మాన్యువల్ ఇంగ్లీషులో, మెకానిక్ మాట ఒడియాలో, మధ్యలో మేము. కార్ల పేజీలో అడుగున ఓ చిన్న పెట్టె చాలు. బొమ్మ కావాలంటే ఆ విరిగిన స్టడ్, మసి పట్టిన పాత ప్యాకింగ్ నా దగ్గరే ఉన్నాయి, ఫొటో తీసి పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా