పగటిపూట మా ఆడపిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

విశాఖ నగరాభివృద్ధి గురించి మీ పత్రికలో తరచుగా వచ్చే కథనాల్లో సముద్రతీరం సుందరీకరణ, ఐటీ సంస్థల రాక, మెట్రో రైలు ప్రతిపాదనలు ప్రముఖంగా కనిపిస్తాయి. వాటి అవసరాన్ని నేను కాదనను. అయితే ఇదే నగరంలో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు చిన్నపిల్లలతో ఇంటిపట్టున ఉండే తల్లులు గడప దాటి వెళ్ళి కాసేపు కూర్చోవడానికి, పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, భయం లేకుండా పరుగెత్తనివ్వడానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చోటు లేదన్న సంగతి ఎక్కడా చర్చకు రావడం లేదు. ఈ లేఖ ఆ ఒక్క విషయం గురించే.

నేను గోపాలపట్నం ప్రాంతంలో ఒక అపార్టుమెంటులో ఉంటాను. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఐదేళ్ళు, చిన్నదానికి రెండున్నర. పెళ్ళికి ముందు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పెద్దమ్మాయి పుట్టాక ఉద్యోగం మానేశాను. అది నేను ఇష్టపడి తీసుకున్న నిర్ణయమే కాబట్టి ఇంట్లో ఉండవలసి వచ్చిందన్న ఫిర్యాదు నాకు లేదు. తల్లి ఇంట్లోనే ఉంటుంది కదా, ఇక పిల్లలకేం లోటు అని చాలామంది అనుకుంటారు. తల్లి తోడుగా ఉండటం వేరు, పిల్లలకు ఆడుకునే చోటు ఉండటం వేరు. మొదటిది ఎంత ఉన్నా రెండోదాని లోటు తీరదు.

మావారిది గాజువాక వైపు ఒక కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. సి షిఫ్టు నడిచే వారంలో ఆయన తెల్లవారాక ఇంటికి వచ్చి, ఇంత టిఫిను తిని, మధ్యాహ్నం దాకా పడుకుంటారు. రాత్రంతా యంత్రాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి ఆ నిద్ర తప్పనిసరి. నిద్ర చాలక మరుసటి రాత్రి డ్యూటీలో కళ్ళు మూతలు పడితే జరిగే ప్రమాదం ఎలాంటిదో ఈ ఊరి కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. రెండు గదుల ఇంట్లో ఒక గది తలుపు మూసి ఉంటే మిగిలినది హాలు, వంటగది, బట్టలు ఆరేసిన బాల్కనీ. అంత జాగాలో రెండున్నరేళ్ళ పిల్లను గట్టిగా నవ్వవద్దని, మంచం మీద నుంచి దూకవద్దని, గిన్నెలు మోగించవద్దని గంటల తరబడి ఆపవలసి వస్తుంది. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, పరవాడ ఫార్మా పరిశ్రమలు ఉన్న ఈ నగరంలో పగలు ఒకరు నిద్రపోయే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అలాంటి ప్రతి ఇంట్లోనూ చిన్నపిల్లలుంటే వాళ్ళను బయటికి తీసుకువెళ్ళే చోటు ఒకటి కావాలి. పారిశ్రామిక నగరమని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఆ పరిశ్రమల షిఫ్టులు ఇళ్ళలోని పసిపిల్లల పగటిని కూడా శాసిస్తున్నాయని గుర్తుంచుకోవాలని నా విన్నపం.

మరి బయటికి ఎక్కడికి తీసుకువెళ్ళాలి? మా ఇంటికి నడక దూరంలో ఒక పార్కు ఉంది. వాకింగుకు వచ్చేవారు వెళ్ళిపోయాక తొమ్మిదింటికల్లా దాని గేటుకు తాళం పడుతుంది. మళ్ళీ తెరిచేది నాలుగు దాటాకే. అంటే పాలు, టిఫిను, స్నానాలు ముగించి, పెద్దదాన్ని బడికి పంపి, వంట ఒక కొలిక్కి తెచ్చుకుని చిన్నదాన్ని చంకనేసుకుని బయలుదేరగలిగే వేళకు సరిగ్గా ఆ గేటు మూసి ఉంటుంది. నగరంలో ఇతర ప్రాంతాల్లో ఉన్న నా స్నేహితురాళ్ళు కూడా తమ దగ్గరి పార్కుల గురించి ఇదే చెప్పారు. ఎందుకు మూస్తారని అడిగితే, పగలు తెరిచి ఉంచితే పనీపాటా లేని కుర్రాళ్ళు చేరతారని, మందు సీసాలు పడేస్తారని కాపలాదారు చెప్పాడు. ఆయన భయం అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఆ తాళం ఆకతాయిలను ఆపుతున్నట్టే పసిపిల్లల తల్లినీ, మనవరాలిని ఎత్తుకు తిరిగే అమ్మమ్మనూ ఆపుతోంది. పది మంది ఆడవాళ్ళు, పిల్లలు మసలే చోట ఆకతాయిలు ఎక్కువసేపు నిలబడరు. పార్కును ఖాళీగా ఉంచి కాపాడటం కంటే మనుషులతో నింపి కాపాడటం సులువు.

ఎండ సంగతి నాకు తెలియనిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఉక్కపోతలో మిట్టమధ్యాహ్నం పిల్లలను బయటికి తీయమని ఎవరూ అనరు. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పదకొండింటి ఎండ పిల్లల ఒంటికి హాయిగానే ఉంటుంది. మిగతా నెలల్లో కూడా మంచి చెట్టు నీడ ఉంటే పదిన్నర, పదకొండు దాకా ఆడించవచ్చు. ఆ చెట్టు నీడే ఇప్పుడు కరవైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఈ నగరం ఎన్ని పెద్ద చెట్లను పోగొట్టుకుందో ఆనాడు ఇక్కడ ఉన్నవారందరికీ తెలుసు. తర్వాత మొక్కలు నాటలేదని అనను. కాకపోతే చాలా పార్కుల్లో కనిపించేవి కత్తిరించిన అలంకారపు మొక్కలు, నీడనివ్వని తాటిజాతి మొక్కలు, మధ్యలో ఒక ఫౌంటెన్, చుట్టూ వాకింగ్ ట్రాక్, పక్కన ఓపెన్ జిమ్. పెద్దలకు ఉద్దేశించిన ఆ జిమ్ పరికరాల సందుల్లో పసివాళ్ళ వేళ్ళు ఇరుక్కుంటాయేమోనని వాటి దగ్గరే కాపలా కాయవలసి వస్తోంది. జారుడుబల్ల ఉన్నచోట రేకు ఎండకు కాలిపోతుంటుంది. ఒక వేపో కానుగో దాని పక్కన పెరిగి ఉంటే ఆ ఇబ్బంది ఉండేది కాదు.

ఇక్కడ ఆడపిల్లల ప్రస్తావన ప్రత్యేకంగా ఎందుకు తెచ్చానో వివరించాలి. మా వీధిలో ఏడెనిమిదేళ్ళ మగపిల్లలు బ్యాటు పట్టుకుని తమంతట తాము ఖాళీ స్థలానికి వెళ్ళిపోతారు. వాళ్ళ తల్లులు పిలిస్తే గానీ రారు. అదే వయసు ఆడపిల్లలను ఎవరూ ఒంటరిగా పంపరు. పంపకపోవడాన్ని నేను తప్పుపట్టలేను, ఎందుకంటే నేనూ పంపను. రోజూ పత్రికల్లో చదివే వార్తల తర్వాత ఏ తల్లికీ ఆ ధైర్యం చాలదు. దాంతో మగపిల్లవాడి ఆట వాడి ఇష్టం మీద ఆధారపడి ఉంటే, ఆడపిల్ల ఆట తల్లి తీరిక మీద ఆధారపడి ఉంటుంది. తల్లికి తీరిక ఎంత? జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు వేతనం లేని ఆ పనికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపనిలో పాలుపంచుకునే మగవాళ్ళు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లల ఆలనాపాలనా ఇందులో కలవలేదు, దాన్ని వేరుగా లెక్కిస్తారు. ఆ రెండూ పోగా తల్లికి మిగిలే కొద్దిపాటి సమయంలోనే, అది కూడా పార్కు గేటు తెరిచి ఉంటేనే, ఆమె కూతురు మట్టిలో ఆడాలి. తల్లి కోల్పోయిన తీరిక కూతురు కోల్పోయిన ఆటగా మారుతున్న తీరు నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తోంది.

తీరా సాయంత్రం గేటు తెరిచాక వెళితే, ఉన్న కాస్త ఖాళీ జాగాలో క్రికెట్ ఆట మొదలై ఉంటుంది. బంతి ఎటు నుంచి వస్తుందో తెలియని చోట రెండున్నరేళ్ళ పిల్లను ఎలా వదలగలం? ఆ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకూ వేరే మైదానం లేదు. కానీ ఫలితంగా ఆడపిల్లలు గోడవారన నిలబడి చూడటం నేర్చుకుంటున్నారు. ఐదేళ్ళ వయసులోనే మైదానం తమది కాదని వాళ్ళకు ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతోంది. మా పెద్దమ్మాయి తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకున్నది మా అపార్టుమెంటు సెల్లార్‌లో, బండ్ల మధ్య. అక్కడికి కారు వచ్చినప్పుడల్లా పిల్లలు పరుగున స్తంభం చాటుకు పోవాలి. ఆడపిల్లలకు పరుగులెందుకు, ఎండలో తిరిగితే నల్లబడతారు, రేపు పెళ్ళిచూపుల్లో ఇబ్బంది అని హితవు చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటలను నేను లెక్కచేయను. అయినా ఆడుకునే చోటే లేనప్పుడు నేను లెక్కచేయకపోవడం వల్ల నా కూతుళ్ళకు ఒరిగేదేమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం మార్గదర్శకాలను విడుదల చేసింది. ఏడాది నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రూపంలో ఒళ్ళు కదిలించాలని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు తెర ముందు కదలకుండా కూర్చునే సమయం గంటకు మించకూడదని వాటిలో ఉంది. మూడు గంటల కదలిక రెండు గదుల్లో ఎలా సాధ్యం? పిల్లల చేతుల్లో ఫోన్లు పెడుతున్నారని తల్లులను మందలించే వ్యాసాలు తరచూ చదువుతుంటాను. పొయ్యి మీద నూనె కాగుతున్నప్పుడు, లోపలి గదిలో మనిషి నిద్రపోతున్నప్పుడు, గడప బయట మెట్లు, మెట్ల కింద బండ్లు, గేటు అవతల లారీలు తిరిగే రోడ్డు ఉన్నప్పుడు ఆ తల్లి ముందున్న మార్గాలు ఏవో ఆ వ్యాసాలు రాసేవారు కూడా చెప్పాలి.

మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె. ఆమె నలుగురు పిల్లలను పెంచారు. ఆ ఊళ్ళో వీధి అరుగుల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారని, పిల్లలు ఎవరి వాకిట్లో ఆడుతున్నా నలుగురి కళ్ళు వాళ్ళ మీద ఉండేవని ఆవిడ చెబుతారు. పాతకాలమంతా గొప్పదని నేను అనుకోను. ఆవిడ పడిన కష్టాలూ నాకు తెలుసు. కానీ ఆ నలుగురి కళ్ళు నగరంలో మాకు లేవు. ఒక్కోసారి మావారు ఇంటికి వచ్చేదాకా మరో పెద్ద మనిషితో మాట్లాడకుండానే పొద్దు గడిచిపోతుంది. పార్కులో ఒక బల్ల మీద ఇద్దరు తల్లులు కలిస్తే, జ్వరం వచ్చిన పిల్లకు ఏం పెట్టారన్న దగ్గర నుంచి ఏ బడిలో ఎలా చెబుతున్నారన్న దాకా ఎన్నో తెలుస్తాయి. కొత్తగా కాన్పయిన అమ్మాయి ముఖం చూసి, ఆమె దిగులుగా ఉందని ఇంట్లోవాళ్ళ కంటే ముందు పసిగట్టగలిగేది అలా పక్కన కూర్చునే మరో తల్లే. అందుకే ఈ చోటు పిల్లలకు ఎంత అవసరమో మాకూ అంతే అవసరం.

సముద్రం ఉంది కదా అంటారు. ఉంది, దాన్ని చూసి మేమూ మురిసిపోతాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఛార్జీల గురించి ఆలోచించకుండా బయలుదేరగలుగుతున్నాం. అది నిజంగా మంచి పని. అయితే ఒకరిని ఎత్తుకుని, మరొకరి చెయ్యి పట్టుకుని, నీళ్ళ సీసా, బట్టల సంచితో రద్దీ బస్సు ఎక్కి ఆర్కే బీచ్ దాకా వెళ్ళడం పండక్కో సెలవుకో చేసే పని తప్ప రోజూ చేసేది కాదు. అక్కడ కూడా పగటి వేళ నీడ తక్కువ. ఇక మరుగుదొడ్డి విషయం. ఆడపిల్లల తల్లులకు అన్నిచోట్లా అదే మొదటి బెంగ. తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి లేనిదానితో సమానం.

నేను అడుగుతున్నవి ఖర్చుతో కూడిన నిర్మాణాలు కావు. 98 వార్డులున్న ఈ మహానగరంలో వార్డుకు ఒక్క పార్కునైనా పగలంతా తెరిచి ఉంచాలి. అందులో నీడ ఉన్న ఒక భాగాన్ని ఆరేళ్ళలోపు పిల్లలకు, వాళ్ళ వెంట వచ్చే పెద్దలకు మాత్రమే కేటాయించి, నడుము ఎత్తు కంచె కట్టి, ఇసుక పోసి, చెంతనే తాగునీరు, తాళం వేయని మరుగుదొడ్డి ఉండేలా చూడాలి. కాపలాకు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) పరిధిలోని స్వయం సహాయక సంఘాల మహిళలను నియమిస్తే వారికి ఉపాధి దొరుకుతుంది, మాకు ధైర్యం కలుగుతుంది. పార్కు లేని వార్డుల్లో ప్రభుత్వ పాఠశాలల ఆవరణలను ఆదివారాలు, సెలవు రోజుల్లో ఇదే విధంగా తెరవవచ్చు. సాయంత్రాలు ఒక గంటసేపు మైదానాన్ని ఆడపిల్లలకు వదిలిపెట్టమని క్రికెట్ ఆడే పిల్లలకు పెద్దలు నచ్చజెబితే వాళ్ళు వింటారనే నా నమ్మకం.

ఇది మన దగ్గర ఎవరికీ తట్టని ఆలోచన కాదు. ఐదేళ్ళలోపు పిల్లలు, వారిని పెంచేవారి అవసరాలకు తగినట్టు వీధులను, పార్కులను మార్చేందుకు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2020 నవంబరులో నగరాల మధ్య ఒక పోటీ కార్యక్రమం ప్రారంభించింది. మన పొరుగునే ఉన్న కాకినాడ, తెలంగాణలోని వరంగల్ అందులో ఎంపికయ్యాయి. ఆరేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని 2002 నాటి 86వ సవరణ తర్వాత రాజ్యాంగంలోని 45వ అధికరణ చెబుతోంది. అంగన్‌వాడీలు ఆ బాధ్యతలో ఒక భాగాన్ని 1975 నుంచి మోస్తున్నాయి. కానీ చాలా కేంద్రాలు ఇరుకు అద్దె గదుల్లో నడుస్తున్నాయి. ఆ పక్కనున్న పార్కు పగలు తెరిచి ఉంటే అక్కడి పిల్లలూ ఆరుబయట ఆడుకోగలుగుతారు.

మీ విలేకరులను ఏదైనా ఒక పనిరోజు ఉదయం పదకొండు గంటలకు నగరంలోని వార్డు పార్కులకు పంపి, ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయో, లోపల నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఉన్నాయో లేవో చూసి రాయించవలసిందిగా కోరుతున్నాను. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు మొదలై బడి పిల్లలు కూడా ఇళ్ళకు చేరేలోగా నగరపాలక సంస్థ అధికారులు ఆ కథనం చూసి కనీసం పార్కుల వేళలనైనా మార్చగలిగితే మాలాంటి తల్లులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తల్లి,
గోపాలపట్నం, విశాఖపట్నం.