ఆ 412వ లైన్ ఏ ఫైల్‌లోది?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ టెక్నాలజీ పేజీలో షేడర్ల (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాముల) మీద వచ్చిన ఆర్టికల్ చదివాను, తెలుగులో ఇలాంటివి రావడమే అరుదు కాబట్టి ముందు థాంక్స్. కానీ ఒక ముక్క దగ్గర ఆగిపోయా. షేడర్లు రాసే జీఎల్ఎస్ఎల్ భాషలో ఇన్‌క్లూడ్ (ఒక ఫైల్‌లోకి ఇంకో ఫైల్‌ని తెచ్చే లైన్) లేదు కాబట్టి చిన్న స్క్రిప్ట్ రాసుకుని, ఆ లైన్ ఉన్నచోట రెండో ఫైల్ తెచ్చి అతికించేస్తే ప్రీప్రాసెసర్ (కంపైలర్‌కి ఇచ్చే ముందు కోడ్‌ని సిద్ధం చేసేది) రెడీ అని రాశారు. నేనూ సరిగ్గా అలాగే మొదలుపెట్టా సార్, ఇరవై లైన్లలో అయిపోయింది, ఆ ఇరవై లైన్లని దారికి తేవడానికి నెల పట్టింది.

జీఎల్ఎస్ఎల్‌లో ఇన్‌క్లూడ్ లేదన్నది నిజమే. 2004లో గ్రాఫిక్స్ ప్రమాణం ఓపెన్‌జీఎల్ 2.0తో పాటు వచ్చినప్పటి నుంచీ డిఫైన్, ఇఫ్‌డెఫ్ లాంటి ప్రీప్రాసెసర్ ఆదేశాలు ఉన్నాయి గానీ ఇన్‌క్లూడ్ మాత్రం ఎక్స్‌టెన్షన్ల దగ్గరే ఆగిపోయింది, అవి అన్ని డ్రైవర్లలో ఉంటాయన్న నమ్మకం లేదు. మైక్రోసాఫ్ట్ షేడర్ భాష హెచ్ఎల్ఎస్ఎల్‌కి ఆ బాధ లేదు, బ్రౌజర్లలో గ్రాఫిక్స్ కోసం వచ్చిన వెబ్‌జీపీయూ వాళ్ళ షేడర్ భాష డబ్ల్యూజీఎస్ఎల్‌లో అయితే అసలు ప్రీప్రాసెసరే లేదు.

అతికించడం ఎవరైనా చేస్తారు, ఎర్రర్ వచ్చాక అది ఏ ఫైల్‌దో చెప్పడంలోనే ఉంది తిప్పలంతా. నా మెయిన్ ఫైల్ మొత్తం 60 లైన్లు, కంపైలరేమో 412వ లైన్‌లో తప్పుందంటుంది, దాని తప్పేం లేదు పాపం, లైటింగ్, నాయిస్, షాడో ఫైళ్ళన్నీ కలిపి ఒకటే చాంతాడులా దానికి అందించింది నేనే కదా. దీనికి మందు హ్యాష్ లైన్, అంటే ఇక్కడి నుంచి ఇది ఫలానా ఫైల్ ఫలానా లైన్ అని కంపైలర్‌కి చెప్పడం. సి భాషలో అయితే ఫైల్ పేరే రాసేయొచ్చు, జీఎల్ఎస్ఎల్‌లో స్ట్రింగులు లేవు కాబట్టి అక్కడ అంకె ఇవ్వాలి. 0 అంటే మెయిన్, 3 అంటే షాడో అని మనమే ఒక పట్టిక పెట్టుకుని, ఎర్రర్‌లో 3:17 అని కనిపిస్తే షాడో ఫైల్ 17వ లైన్ అని తిరగరాసి చూపించాలి, ఆ ఎర్రర్ రాసే తీరు కూడా ఒక్కో డ్రైవర్‌ది ఒక్కో రకం.

ఇంకో తమాషా చూడండి. స్పెసిఫికేషన్ ప్రకారం జీఎల్ఎస్ఎల్ 3.30 కంటే పాత వెర్షన్లలో హ్యాష్ లైన్ 17 అని రాస్తే దాని కింది లైన్ 18 అవుతుంది, 3.30 నుంచి 17 అవుతుంది. ఇది తెలియక పాత షేడర్లలో ప్రతి ఎర్రరూ ఒక లైన్ పక్కకి చూపిస్తుంటే రెండు రాత్రులు నా కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నా.

ఈ అతికింపుని రెగెక్స్‌తో (అక్షరాల నమూనాని బట్టి వెతికే పద్ధతితో) చేస్తే కామెంట్ల దగ్గర ఇంకా ఘోరం, స్లాష్ స్టార్ కామెంట్‌లో పెట్టి ఆపేసిన ఇన్‌క్లూడ్‌ని కూడా అది పట్టుకుని అతికించేస్తుంది, అలా వచ్చిన ఫైల్‌లో కూడా ఒక కామెంట్ ఉందనుకోండి, దాని ముగింపు గుర్తు బయటి కామెంట్‌ని మధ్యలోనే మూసేసి మిగతా కోడంతా బయట పడుతుంది. పోనీ ముందే కామెంట్లు తీసేద్దామంటే మూడు లైన్ల కామెంట్‌తో పాటు లోపలి లైన్ బ్రేకులు కూడా పోయి కింద లెక్కంతా మారిపోతుంది. ఇది ఏ జీఎల్ఎస్ఎల్ వెర్షనో చెప్పే వెర్షన్ లైన్ అన్నిటికంటే పైన ఉండాలి, మనం చేర్చే డిఫైన్లు దాని కిందే రావాలి. ఒకసారి అంతా సరిగ్గానే ఉండి కూడా కంపైల్ కాలేదు, చూస్తే ఎడిటర్ (మీరు కాదు సార్, టెక్స్ట్ ఎడిటర్) ఫైల్ మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్ల బీఓఎం (ఎన్‌కోడింగ్ గుర్తు) పెట్టి సేవ్ చేసింది.

రెండో భాగం వస్తుందని వేశారు కాబట్టి అందులో కోడ్‌ని టోకెన్లుగా (పదాలు, గుర్తులుగా) విడగొట్టి చదవడం, ఈ లైన్ నంబర్ల సంగతి కనీసం ఒక బాక్స్‌లో అయినా వేయమని మనవి. ఆ అతికించే స్క్రిప్ట్‌ని మాత్రం ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చు వేయకండి.

ఇట్లు,
షేడర్లతో కుస్తీ పడే ఓ పాఠకుడు