మే నెలంతా మాతో కలిసి చదివిన వాళ్లందరికీ, పేరుపేరునా

అందరికీ నమస్కారం. సెలవులు అయిపోయి బళ్లు తెరిచారు, పాత పంచాయతీ ఆఫీసు వరండాలో పరిచిన పట్టాలు మడిచి ఎవరివి వాళ్లకి ఇచ్చేశాం. మే నెలంతా సాయంత్రం పూట అక్కడ కూర్చుని ఇంతమందిమి కలిసి చదువుకున్నామంటే దాని వెనక ఎంతమంది చెయ్యి ఉందో చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా మా శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారికి. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం వెళ్లి, "మేడమ్, మా ఊళ్లో అన్ని వయసుల వాళ్లూ కలిసి నెలరోజులు చదువుకుందాం అనుకుంటున్నాం, పుస్తకాలు కావాలి" అంటే, ఆవిడ ఎందుకు ఏమిటి అని అడక్కుండా బీరువా తాళాలు తీసి నా ముందు పెట్టారు. కావాల్సిన వాళ్లందరికీ అప్పటికప్పుడు సభ్యత్వాలు రాశారు. చిరిగిపోయిన పాత చందమామల్ని మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో అతికించి, అట్టలు వేసి, ఆరబెట్టి పంపారు. అది ఆవిడ ఉద్యోగంలో భాగం కాదు, ఇంటికి తీసుకెళ్లి చేసిన పని. మేడమ్, మీకు చేతులెత్తి దండం.

విజయవాడ ట్రిప్పు వెళ్లినప్పుడల్లా లెనిన్ సెంటర్‌లో ఆగి, పాత పుస్తకాల షాపుల్లో నేను రాసిచ్చిన చీటీ చూపించి వెతికి తెచ్చిన మన ఆటో తమ్ముడికి కూడా. డీజిల్ డబ్బులు తీసుకోమంటే "నా కూతురు కూడా అక్కడే కూర్చుంటోంది కదక్కా" అన్నాడు.

మాది కొల్లూరు దగ్గర ఊరు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపించింది ఈ చుట్టుపక్కలే. అప్పటికి 21 ఏళ్ల ముందే, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. చదివేవాళ్లు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వాళ్ల దగ్గరికి వెళ్లాలని ఆ మహానుభావులు అనుకున్నారు. మా వీధి పెద్దాయన, పడవ రేవుకి వచ్చిందంటే వాళ్ల నాన్న పొలం పని వదిలేసి పరిగెత్తేవాడని చెప్పినప్పుడు పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. మే నెల కదా, కాలువలో చుక్క నీళ్లు లేవు, అయినా మర్నాడు ఆ రేవు ఎక్కడో చూపించమని ఆయన్ని లాక్కెళ్లారు.

పిల్లల పుస్తకాలు వేరు, పెద్దల పుస్తకాలు వేరు అని గీత గీయొద్దని గట్టిగా పట్టుబట్టింది మన రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన మాటే నిజమైంది. మొదటి రోజు చందమామలోని బేతాళ కథ చదవడం మొదలుపెట్టగానే తాతలందరూ మొదటి వాక్యం పుస్తకం చూడకుండా ఒప్పజెప్పేశారు. 1947 జూలైలో మొదలైన పత్రిక, వాళ్లు దాంతోపాటే పెరిగారు మరి! బేతాళుడు ప్రశ్న అడిగిన చోట మాస్టారు పుస్తకం మూసేసేవారు. విక్రమార్కుడు ఏం చెప్పాడో తర్వాత, ముందు మీరు చెప్పండి అనేవారు. అక్కడ మొదలయ్యేది గొడవ. ఏడో తరగతి పిల్లకీ డెబ్భై ఏళ్ల మామయ్యకీ మధ్య తీర్పు తేలక భోజనాల వేళ దాటిపోయిన రోజులున్నాయి.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు' పెద్ద కథ, కొన్ని సాయంత్రాలు పట్టింది. ఆ కథలో వచ్చే చదరంగం వంకతో మాస్టారు చదరంగం బల్ల తెప్పించి, ఒక చేటలో వడ్లు పోయించి, మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు పెట్టమన్నారు. ఎనిమిదో గడికి 128. పదకొండో గడికి 1,024, అవి గడిలో పట్టక కింద పట్టా మీద కుప్ప పోశారు. మన కౌలు రైతు బాబాయ్, పుస్తకం వైపు ఎన్నడూ చూడని మనిషి, వచ్చి ఆ కుప్ప చేత్తో ఎత్తి "బీపీటీ గింజ సన్నంరా, వెయ్యి పెట్టినా గుప్పెడు నిండదు" అన్నాడు. ఈ లెక్కన ఊరి పంటంతా ఎన్నో గడికి అయిపోతుందని పిల్లలతో పందెం వేశాడు. పదహారో గడికే 32,768 అని తేలింది, ఆపైన ఫోన్లు తీశారు. చివరి గడి సంఖ్య తొమ్మిదితో మొదలై పక్కన ఇంకో పద్దెనిమిది అంకెలు. బాబాయ్ ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం కూడా మానలేదు. బాబాయ్, వడ్లు ఇచ్చినందుకే కాదు, వచ్చి కూర్చున్నందుకు థ్యాంక్స్.

'రైలుబడి' చదివింది నాలుగో తరగతి అమ్మాయి, కంటి ఆపరేషన్ అయి అక్షరాలు ఆనని వాళ్ల నాయనమ్మ కోసం. తెత్సుకో కురొయనాగి గారు జపాన్‌లో తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం అది, పాత రైలుపెట్టెల్లో నడిచిన బడి. అక్కడ హెడ్మాస్టరు కొబయాషి గారు, పిల్లల అన్నం డబ్బాలో సముద్రం నుంచి వచ్చింది ఒకటి, కొండల నుంచి వచ్చింది ఒకటి ఉండాలంటారు. ఆ ముక్క వినగానే నాయనమ్మ, "చింతచిగురూ ఎండురొయ్యలూ కలిపి వండితే రెండూ వచ్చినట్టే కదే" అంది. మర్నాడు నిజంగానే పెద్ద గిన్నెడు వండించి తెచ్చింది, అందరం ముద్దలు పెట్టించుకుని తిన్నాం. 1945 బాంబు దాడుల్లో ఆ బడి కాలిపోయిందని చదివినప్పుడు ఆ పిల్ల గొంతు ఆగిపోతే, మిగతా పేజీ పక్కనున్న అన్నయ్య అందుకున్నాడు. ఆ నాయనమ్మకి ఎలా చెప్పను కృతజ్ఞత!

చిత్తూరు వైపు నుంచి మన ఊరి కోడలై వచ్చిన అమ్మాయి నామిని గారి 'పచ్చనాకు సాక్షిగా' తన యాసలోనే చదివింది. పెళ్లైన కొత్తలో ఆ మాట తీరు చూసి నవ్విన వాళ్లే ఆ రోజు "ఇంకొకటి చదవమ్మా" అన్నారు. వరంగల్‌లో ఉద్యోగం చేసి వచ్చిన అన్నగారు దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' చదువుతూ దొరలు, వెట్టి, నిజాం కాలం గురించి మధ్యమధ్యలో ఆగి చెప్తుంటే, తెలంగాణ గురించి మాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. ఎమ్మెస్‌కి వెళ్లబోతూ వీసా టెన్షన్‌లో ఉన్న కుర్రాడు మొక్కపాటి వారి 'బారిష్టర్ పార్వతీశం' అందుకున్నాడు, 1924 నాటి పుస్తకం చదువుతూ వాళ్లమ్మా వాడూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ ఇంట్లో చాన్నాళ్లకి నవ్వు వినపడిందని పక్కింటి వాళ్లే చెప్పారు.

ఇంకొక్క సాయంత్రం గురించి చెప్పాలి. మన కుట్టుమిషన్ అక్క చాసో గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివింది. చదువు ఆగిపోయిన పిల్లాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు, దారిలో వాడు చదివిన బడి. అక్క సగం దాకా బాగానే చదివింది. తర్వాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తొమ్మిదో తరగతిలో తనని మాన్పించిన సంగతి చెప్పింది. ఎవరూ ఓదార్పు మాటలు అనలేదు, అది మంచిదైంది. కాసేపాగి తనే చివరి దాకా చదివింది. మర్నాడు లైబ్రేరియన్ గారిని ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఎలా కట్టాలని అడిగింది. మేడమ్ వివరాలన్నీ రాసిచ్చారు, మాస్టారు లెక్కలు చెప్తానన్నారు. అక్కా, ఆ సాయంత్రం అంత ధైర్యంగా మా ముందు చదివినందుకు నీకు నా ప్రత్యేకమైన థ్యాంక్స్.

వరండా తాళం ఇచ్చిన సర్పంచ్ గారికి, కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఫ్యానూ లైటూ వేయించిన ఎదురింటి వదినకి, రోజూ మజ్జిగ పంపిన హోటల్ బాబాయికి, చంటిపిల్లల్ని ఎత్తుకుని వెనక వరసలో నిలబడే విన్న తల్లులందరికీ నమస్కారాలు.

'బారిష్టర్ పార్వతీశం' రెండో భాగం, రెండు చందమామ బైండులు ఇంకా ఎవరింట్లోనో ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాలు కాబట్టి శనివారం లోపు మా ఇంట్లో గానీ మాస్టారి దగ్గర గానీ ఇచ్చేయండి. 'చిల్లర దేవుళ్లు' పూర్తి కాలేదు, ఆదివారం సాయంత్రం ఐదున్నరకి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం. పట్టాలు మళ్లీ కావాలి, ఉన్నవాళ్లు తెచ్చుకోండి.